కాన్పు గదిలో అడిగిన మాట

భవానీపురం,
7 జూలై 2024, ఆదివారం

తమ్ముడు కిరీటికి,

అక్క రామతులసి రాస్తున్నాను. ఒంట్లో ఎలా ఉంది? పోయిన నెల ములాఖత్‌కి వచ్చినప్పుడు నీకో మాట చెప్పాలనే బయల్దేరాను. జాలీ అవతల నీ మొహం చూశాక చెప్పకుండానే తిరిగొచ్చాను. నీకిచ్చే ఐదు నిమిషాల ఫోనూ అమ్మకీ, లాయరు పూర్ణచంద్రరావు గారికే చాలదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

తొమ్మిదేళ్లుగా అవతలి మండలంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నానుగా. ఇప్పుడు నన్ను కాన్పులు చేయడంలో పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణకి ఎంపిక చేశారు. మామూలు కాన్పుల్ని మొదటి నుంచి చివరిదాకా మేమే చూసుకునేటట్టు, ఏది మామూలు కాదో ముందే పసిగట్టేటట్టు తయారుచేస్తారు. క్లాసులు విజయవాడలో. మీ బావ ఎలాగూ వన్ టౌన్ కొట్లో పనిచేస్తున్నారు కాబట్టి ఇక్కడ భవానీపురంలో రెండు గదులు తీసుకున్నాం. నీ కూతురు అక్షయ తాళ్లలంకలో అమ్మ దగ్గరే ఉంది. ఇరవై రెండో నెల. నడక మానేసి పరుగే. కోడిపెట్ట తోక పట్టుకుంటే వదలదట.

నీకు కోపం వస్తుందని తెలుసు. ఆసుపత్రి మాటెత్తితేనే నీ మెడ నరాలు ఉబ్బుతాయి. కానీ శాంభవి పోయినప్పటి నుంచి నాకు కాన్పు గదిలో అడుగుపెడితే చేతులు వణుకుతున్నాయిరా. ఈ పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటే తప్ప ఆ వణుకు పోదనిపించింది.

మొదటి రోజు ఏం జరిగిందో చెబుతాను. మమ్మల్ని ఇరవై మందిని కూర్చోబెట్టి, ప్రిన్సిపాల్ గారు "నొప్పులు పడుతూ అరుస్తున్న ఆడమనిషిని ఇంతవరకూ కొట్టనివాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. నాదీ లేవలేదు. తొడమీద చరిచేదాన్ని. కాళ్లు దగ్గరికి లాక్కుంటే పట్టీతో బల్లకి కట్టేసేదాన్ని. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే" అనేదాన్ని. బిడ్డ క్షేమం కోసమే అనుకునేదాన్ని. నా సీనియర్లు నా ముందు చేశారు, నేను నా జూనియర్ల ముందు చేశాను. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

జవాబు రాయి. తిట్టినా సరే, రాయి.

నీ అక్క,
తులసి


సెంట్రల్ జైలు,
19 జూలై 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి నాలుగు ముక్కలు చేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మళ్లీ చదివాను.

శాంభవిని చంపినవాళ్ల బళ్లోనే చేరావన్నమాట. బాగుంది. నాకు ఐదేళ్లు వేశారు, నీకు ప్రమోషన్ ఇచ్చారు.

కానీ ఒకందుకు మంచి పని చేశావు. ఆడవాళ్లని కొడతామని నీ చేత్తో నువ్వే రాశావు. నేను కోర్టులో మొత్తుకున్నది అదేగా! ఆ నర్సు ఛాయాదేవి కూడా కొట్టే ఉంటుంది. శాంభవి ఒంటిమీద చెయ్యి వేసే ఉంటుంది. నువ్వు ఇదే సంగతి పూర్ణచంద్రరావు గారికి రాసివ్వు. గవర్నర్‌పేటలో ఆయన ఆఫీసు నీకు తెలుసు. నర్సులు ఇలాంటివాళ్లని ఒక నర్సే చెబితే అప్పీలులో పనికొస్తుంది.

నువ్వు ఆ రోజు అక్కడ లేవు, నేనున్నాను. శాంభవి బల్లమీద నెత్తురు కారుతూ పడుంది. డాక్టరు లేడు, క్యాంపుకి వెళ్లాడన్నారు. ఆ నర్సు నా పెళ్లానికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడి ఏదో చేసుకుంటోంది. నా పెళ్లాం చచ్చిపోతుంటే వీపు! సెలైన్ స్టాండు చేతికందింది. రెండు దెబ్బలు వేశాను. మూడోది వెయ్యకుండా ఆ ముసలి అటెండరు జక్కయ్య కాళ్లకి అడ్డం పడ్డాడు. దానికి ఐదేళ్లు.

ఇక్కడ నీళ్ల దగ్గర ఒకడు "ఆడదాని చెయ్యి విరగ్గొట్టిన మొనగాడివా" అన్నాడు. పై పన్ను రాలగొట్టాను. వారం రోజులు విడిగా పెట్టారు. నాకేం బాధ లేదు.

కిరీటి


భవానీపురం,
11 ఆగస్టు 2024, ఆదివారం

కిరీటీ,

నేను రాసింది ఒకటి, నీకు అర్థమైంది ఒకటి. నా తప్పు నీతో చెప్పుకున్నానే గాని, నీ కేసుకి సాక్ష్యం పంపలేదు. లాయరుగారికి నేనేమీ రాసివ్వను.

ఇంకో సంగతి దాస్తే రేపు నువ్వే నన్ను అంటావు. మాకు కాన్పుల పాఠం చెప్పేది ఛాయాదేవి గారే.

నాకు ముందు తెలియదు. నువ్వు కొట్టిన తర్వాత ఆవిడ కుడిచేతికి మూడు ఆపరేషన్లు అయ్యాయి. రెండు వేళ్లు ముడుచుకోవు. కాన్పులు చేసే చెయ్యి పోయింది కాబట్టి పాఠం చెప్పమని ఇక్కడికి వేశారు. ఆవిడ క్లాసులోకి రాగానే నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. బయటికొచ్చేసరికి వరండాలో నిలబడి ఉన్నారు. "లిస్టులో మీ పుట్టింటి పేరు చూశానమ్మా. ఊరు కూడా చూశాను. లోపలికి రండి, పాఠం పోతుంది" అన్నారు. అంతే. ఆ తర్వాత ఇప్పటివరకూ ఆ మాట ఎత్తలేదు.

నిన్న పుట్టగానే ఏడవని బిడ్డకి ఊపిరి అందించడం నేర్పారు. రబ్బరు బుడ్డకి చిన్న మాస్కు ఉంటుంది. మాస్కు బిడ్డ ముక్కూ నోటిమీద పెట్టి, బుడ్డ నొక్కుతూ గాలి పంపాలి. మొదటి నిమిషంలోనే మొదలెట్టాలి, ఆపకూడదు. మేమంతా బొమ్మమీద రెండు చేతులతో తిప్పలు పడుతుంటే ఆవిడ ఎడమచేతి ఒక్కదానితో మాస్కు పట్టి, మోచేత్తో బుడ్డని ఒంటికి అదిమి నొక్కి చూపించారు. "ఇలా ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఒక రోజు తల్లికి నెత్తురు ఆగట్లేదు. ఆయాని పొత్తికడుపు నొక్కి పట్టుకోమన్నాను. అప్పుడే పుట్టిన బిడ్డకి ఊపిరి లేదు. గోడవారన ఉన్న బల్లమీద పెట్టి గాలి కొడుతున్నాను. వెనక నుంచి దెబ్బ పడింది. కుడిచెయ్యి వేలాడిపోయింది. ఆయా పారిపోయింది. తల్లి కడుపు నొక్కేవాళ్లు లేరు. నాకు మిగిలింది ఒక్క చెయ్యి. నేను వదిలితే బిడ్డ పోతుంది. రెండో దెబ్బ భుజం మీద పడింది. అయినా నొక్కుతూనే ఉన్నాను. బిడ్డ ఏడ్చింది."

"ఆయనెందుకు కొట్టాడు మేడమ్?" అంది ఆ అమ్మాయి. "అవన్నీ పాఠంలో లేవు. మాస్కు కిందినుంచి గాలి పోతోంది చూసుకో" అన్నారు.

కిరీటీ, ఆవిడ నీ పెళ్లానికి వీపు పెట్టి చేసుకుంటున్నది అదీ. నీ కూతురి ఊపిరి. బొమ్మని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను.

అక్షయకి జలుబు చేసి తగ్గింది.

తులసి


సెంట్రల్ జైలు,
25 ఆగస్టు 2024

అక్కా,

బిడ్డ ఊపిరి సంగతి నాకెవరూ చెప్పలేదు. కోర్టులో ఆవిడ చెప్పిందేమో, ఆ రోజు నా చెవులు పనిచేస్తే కదా. నిజమో, మీ ముందు మంచిదనిపించుకోవడానికి చెప్పిందో దేవుడికి తెలియాలి. రెండు రోజులు అదే తిరిగింది బుర్రలో. పాప ఏడుపు నేను విన్నాను. అది మాత్రం నిజం.

పోనీ అది వదిలెయ్. నువ్వెందుకు అక్కడ చేరావో ఇప్పుడు అర్థమైంది. బయటికి చెప్పకపోయినా అక్క అక్కే. ఆవిడకి దగ్గరై మెత్తబరచి సంతకం తేవడానికేగా! పూర్ణచంద్రరావు గారు రాజీ కాగితం తయారుచేసి ఉంచారు. "క్షమించాను, శిక్ష తగ్గిస్తే అభ్యంతరం లేదు" అని ఆవిడ సంతకం పెడితే చాలట, అప్పీలులో బయటపడొచ్చట. నిన్ను చూసి కాదనదు. కావాలంటే నా తరఫున కాళ్లు పట్టుకో, నాకేం నామోషీ లేదు. వచ్చే నెల వాయిదా. ఆలోపు పని కావాలి.

పాపకి శాంభవి పోలిక వచ్చిందా? అమ్మని అడిగితే ఏడుస్తోంది.

కిరీటి


సెంట్రల్ జైలు,
18 సెప్టెంబరు 2024

అక్కా,

బుడమేరు పొంగి బెజవాడ మునిగిందని ఇక్కడ టీవీలో చూపించారు. భవానీపురం పేరు చెప్పగానే నాకు కూడు సహించలేదు. అమ్మకి ఫోన్ చేస్తే మీరు క్షేమమేనంది. క్షేమంగా ఉన్నదానివి రెండు ముక్కలు రాయడానికేం?

పద్నాలుగో తారీకు వెళ్లింది. పాపకి రెండేళ్లు, శాంభవికి రెండో సంవత్సరీకం, రెండూ ఒక్క రోజే. ఆ రోజైనా నీ ఉత్తరం వస్తుందని గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. రాలేదు. వాయిదా కూడా వెళ్లిపోయింది. లాయరు గారిని నువ్వు కలవలేదట. ఆవిడ నీ మనసు విరిచేసింది. అర్థమైంది నాకు.

కిరీటి


భవానీపురం,
6 అక్టోబరు 2024, ఆదివారం

కిరీటీ,

నీ ఆగస్టు ఉత్తరం వరద తగ్గాక తడిసి ముద్దై చేతికొచ్చింది. మా వీధిలో నడుం లోతు నీళ్లు. పై వాటాలో వాళ్ల దగ్గర తలదాచుకున్నాం. కానీ నేను రాయకపోవడానికి వరద ఒక్కటే కారణం కాదు. ఎలా రాయాలో తెలియక. ఈ ఉత్తరం ఇది నాలుగోసారి మొదలెట్టడం.

సంతకం నేను అడగలేదు. అడగను కూడా. ఎందుకో చెబుతాను, ఆఖరిదాకా చదువు.

వరద రోజుల్లో మా ఆసుపత్రికి ఒక పిల్లని ట్రాక్టరు మీద తెచ్చారు. ఇరవై ఏళ్లు ఉంటాయి. ఎనిమిదో నెల. నొప్పులని చెప్పారు. ఛాయాదేవి గారు నా చెయ్యి పట్టుకుని ఆమె పొట్టమీద పెట్టించారు. "ఎలా ఉంది?" అన్నారు. చెక్కలా ఉంది. మామూలు నొప్పి వస్తుంది, పోతుంది. పొట్ట బిగుస్తుంది, వదులవుతుంది. ఇది వదలడంలేదు. నెత్తురు నల్లగా, కొంచెమే కనిపిస్తోంది. "మిగతాదంతా లోపల ఉంది. మాయ ముందే ఊడిపోయింది. బీపీ ఎక్కువైతే ఇలా అవుతుంది, ఈ పిల్లకి బీపీ లేదు. పొట్టమీద గట్టి దెబ్బ తగిలినా ఇలాగే అవుతుంది" అన్నారు. ఆ మాట ఆ పిల్ల తల్లి చెవిన పడింది. ఆమె ఒక్క క్షణం అల్లుడి వైపు చూసి, చెప్పు తీసి వాణ్ని వరండా పొడుగునా కొట్టుకుంటూ పోయింది. వాడు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. నలుగురు పట్టుకున్నా ఆమె ఆగలేదు. పది నిమిషాల్లో ఆపరేషన్ చేశారు. పిల్ల బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లేదాకా నేను మాత్రం ఆ పొట్టమీద నుంచి చెయ్యి తీయలేకపోయాను.

శాంభవి శవానికి స్నానం చేయించింది నేనూ అమ్మే. ఎడమవైపు, పక్కటెముకల కింద, అరచెయ్యంత నల్లటి మచ్చ ఉంది. నేను చూశాను. అమ్మ నేను చూడటం చూసింది. "స్ట్రెచర్ తగిలుంటుందిలే, నీళ్లు పొయ్యి" అంది. పోశాను. ఏడేళ్ల అనుభవం ఉన్న నర్సుని అప్పటికి. స్ట్రెచర్ తగిలితే గంటలో అంత మచ్చ రాదని నాకు తెలియదా? తెలుసు. తెలుసుకోవడం ఇష్టంలేక పసుపు రాసి చీర కట్టేశాను.

అంతకుముందు ఇంకోటి. శాంభవి ఏడో నెలలో నేను తాళ్లలంక వచ్చినప్పుడు తన జబ్బమీద నాలుగు వేళ్ల ముద్రలు చూశాను. ఏమిటే అంటే, "మీ తమ్ముడికి కోపం వచ్చింది వదినగారూ" అంది. "వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, కాస్త సర్దుకో" అన్నాను. అదీ నేను చేసిన వైద్యం.

శాంభవి పోయిన ఆ బుధవారం పొద్దున ఇంట్లో ఏం జరిగింది, కిరీటీ? నన్ను అక్కా అని పిలిచేవాడివైతే చెప్పు.

తులసి


సెంట్రల్ జైలు,
20 అక్టోబరు 2024

రామతులసికి,

అక్కా అని పిలవను.

నా పెళ్లాం పోయింది, కోర్టు ఖర్చులకి పొలం పోయినంత పనైంది, ఐదేళ్లు పోయాయి. ఇప్పుడు నువ్వొచ్చి నన్ను హంతకుడిని చేస్తున్నావు. నా చెయ్యి తిన్నగా ఉండదని నలుగురికీ తెలుసు. అంతమాత్రాన కడుపుతో ఉన్నదాన్ని చంపుకుంటానా? ఆ నర్సు నీ నోట్లో మాటలు పెట్టింది, నువ్వు నెమరేస్తున్నావు. బయటికొచ్చిన రోజున ముందు మీ ఇంటికే వస్తాను. ఆవిడకి ఒక చెయ్యే పోయింది. నీకు రెండూ ఉండవు. మీ ఆయన అడ్డమొస్తే ఆయనకీ అంతే.

అమ్మ చెప్పిందా నీకు? ఏం చెప్పింది? ముసలిదానికి మతి ఉండటంలేదు. అది చెప్పేదేదీ నమ్మకు. దాన్ని అడగడానికి కూడా వెళ్లకు.

పాపని నా అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు.

కిరీటి


భవానీపురం,
17 నవంబరు 2024, ఆదివారం

కిరీటీ,

నేను అమ్మని అప్పటికి ఏమీ అడగలేదు. అడగొద్దని నువ్వు రాశాకే అడగాలని తెలిసింది.

దీపావళి వెళ్లిన మర్నాడు తాళ్లలంక వెళ్లాను. అమ్మ వడ్లు చెరుగుతోంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. చేట పక్కన పెట్టింది. "ఇంకెన్నాళ్లు మొయ్యనే తులసీ, నావల్ల కావట్లేదు" అంది. తర్వాత అంతా చెప్పింది.

సీమంతం రోజున శాంభవి వాళ్ల నాన్నకీ నీకూ మాటా మాటా వచ్చిందని, తొలికాన్పుకి పుట్టింటికి పంపనని నువ్వు పట్టుబట్టావట. నెల దగ్గరపడుతోంది, మొదటి కాన్పు, భయంగా ఉందని తను రోజూ అడిగేదట. ఆ బుధవారం అడగడం మానేసి సంచి సర్దుకుంది, బెజవాడ బస్సెక్కడానికి. అమ్మ గొడ్ల దగ్గరుంది. దబ్బున చప్పుడు వినిపించి వచ్చేసరికి శాంభవి అరుగు మెట్టుకి ఆనుకుని పడుంది. సంచిలో చీరలు వాకిట్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. నువ్వు చెరువు గట్టు మీద నడిచిపోతున్నావు. "తన్నారు అత్తయ్యా" అందట శాంభవి.

అమ్మ మజ్జిగ తాగించింది. పొట్టకి ఆముదం రాసింది. "నర్సు అడిగితే జారిపడ్డానని చెప్పు, మగాడి పరువు తియ్యకు" అని ఒట్టు వేయించుకుంది. పదకొండున్నరకి నెత్తురు కనపడితే గాని ఆటో పిలవలేదు. నాకు ఫోన్ చేయలేదు. చేస్తే తెలిసిపోతుందని చేయలేదట. అమ్మ నా కాళ్లమీద పడబోయింది. నేను వెనక్కి జరిగాను. కన్నతల్లి కాళ్లు పట్టుకుంటుంటే లేవనెత్తాలి. లేవనెత్తలేకపోయాను.

అక్కడి నుంచి తిన్నగా శాంభవి వాళ్ల అమ్మగారు పద్మావతమ్మ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. మచ్చ సంగతి కూడా చెప్పాను. ఆవిడ విని లేచొచ్చి నా చెంపమీద కొట్టారు. మళ్లీ కొట్టారు. ముక్కు నుంచి నెత్తురొచ్చింది. "రెండేళ్లు! రెండేళ్లు నోరెలా మూసుకున్నావే! నువ్వు నర్సువా!" అన్నారు. మీ మామగారు వచ్చి ఆపారు. నేను ఆపమనలేదు.

అక్షయని నాతో తెచ్చేసుకున్నాను. నీ అనుమతి అడగలేదు. మీ ఆయనకీ అంతే అని రాశావే, ఆ ఉత్తరం మీ బావ కూడా చదివారు. చదివి, పాపకి మంచం కొనుక్కొచ్చారు.

ఇప్పుడిక నువ్వు రాస్తావో మానేస్తావో నీ ఇష్టం. నేను పోలీసుల దగ్గరికి వెళ్లేలోపు నీ నోటివెంట వస్తే వినాలని ఉంది. డిసెంబరు నెలాఖరు దాకా చూస్తాను.

తులసి


సెంట్రల్ జైలు,
21 డిసెంబరు 2024

అక్కా,

ముప్ఫై రోజులు ఏమీ రాయలేదు. పిచ్చెక్కినట్టు ఉంది. గోడకేసి గుద్దితే చెయ్యి వాచింది. కట్టు కట్టారు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు కుదరట్లేదు.

అమ్మ చెప్పింది నిజం. కానీ అమ్మకి అంతా తెలియదు.

పొద్దున ఏడు అవుతోంది. సంచి లాక్కుని విసిరేశాను. "మీ నాన్న ముందు నన్ను వెధవని చేస్తావా" అన్నాను. "మీరు రాకపోయినా ఫర్వాలేదు, నన్ను వెళ్లనివ్వండి, బిడ్డకేదైనా అయితే" అంది. తన్నాను. మెట్టుమీద పడింది. అక్కడితో ఆగితే కాలు జారి తగిలిందని నన్ను నేను నమ్మించుకునేవాణ్ని. పడ్డాక మళ్లీ తన్నాను. పొట్ట అని తెలిసే తన్నాను. పొట్టకి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల మీదే తన్నాను.

ఆసుపత్రిలో తలుపు దగ్గర నిలబడ్డాను. పాప పుట్టింది, ఏడుపు లేదు. ఛాయాదేవి గారు పాపని గోడవారకి తీసుకెళ్లారు. బుడ్డ నొక్కుతూ, తల తిప్పకుండానే గట్టిగా అడిగారు. "అమ్మా శాంభవీ, పొట్టమీద దెబ్బేమైనా తగిలిందా? ఎవరైనా కొట్టారా? చెప్పమ్మా, పెద్దాసుపత్రి వాళ్లకి చెప్పాలి, నెత్తురు సిద్ధం చేసుకోవాలి" అన్నారు.

శాంభవి నా వైపు చూసింది. నోరు తెరిచింది.

అప్పుడు ఎత్తాను స్టాండు.

పెళ్లాం పోతోందన్న బాధతో కొట్టాడని కోర్టు కూడా కాస్త దయ చూపించింది. బాధ కాదు అక్కా. ఆ మాట బయటికి రాకూడదని కొట్టాను. రానే లేదు. గొడవలో అందరూ అరుస్తున్నారు, ఎవరూ తన వైపు చూడలేదు. నేను చూసేసరికి నోరు తెరిచే ఉంది.

ఈ కవరు అంటించకుండా ఇస్తున్నాను. లోపల ఏముందో సూపరింటెండెంటు గారికి చెప్పాను. ఇంతవరకూ రాసింది ఆయన చదివి, "ఇది పంపితే ఏమవుతుందో తెలుసా" అని అడిగారు. తెలుసన్నాను. లాయరు గారికి అప్పీలు వద్దని రాశాను.

మీ జోలికి రానని ఎలా రాయను? నన్ను నేనే నమ్మను. మీరు నమ్మొద్దు.

కిరీటి


భవానీపురం,
26 జనవరి 2025, ఆదివారం

కిరీటీ,

నీ ఉత్తరం నకలు పోలీసు స్టేషన్లో ఇచ్చాను. అమ్మ వాంగ్మూలం ఇచ్చింది, నేనూ ఇచ్చాను, మచ్చ చూసి దాచానని కూడా రాసిచ్చాను. దానికి నా ఉద్యోగం పోతే పోతుంది. ఈపాటికి వాళ్లు నీ దగ్గరికి వచ్చే ఉంటారు. పద్మావతమ్మ గారు నాతో మాట్లాడరు గాని, ఆదివారాలు వచ్చి అక్షయని తీసుకెళ్లి సాయంత్రం దింపుతారు.

ఉత్తరం ఛాయాదేవి గారికి చూపించాను. నిలబడే చదివారు. ఆవిడకి ముందే తెలుసు. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడే పోలీసాయనకి చెప్పారట. "శవాన్ని కాల్చేశారు, పోస్టుమార్టం లేదు. ఇప్పుడీ మాటంటే మీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి కల్పించారంటారు, మీ కేసు చెడుతుంది" అన్నాడట. మింగేశారు. "రెండేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ అన్నీ చెప్పాను, అది తప్ప" అన్నారు. ఏడింటికా అని మళ్లీ అడిగారు. ఏడింటికే అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "నాలుగున్నర గంటలు. పావుగంట ఆటో ప్రయాణం" అని కుర్చీలో కూలబడ్డారు. నేను ఆవిడ ఏడవగా చూడటం అదే మొదటిసారి.

నిన్ను క్షమించారా అని అడుగుతావేమో. నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

ములాఖత్‌కి ఇప్పట్లో రాను. పాప ఫొటో పంపను. పెద్దయ్యాక తనే అడిగితే, ఈ ఉత్తరాలన్నీ చదివి వినిపిస్తాను. ఏదీ చించలేదు.

ఈ నెల నుంచి మా క్లాసులో ఒక పాఠం కొత్తగా చేరింది. గర్భిణి రాగానే బీపీ చూడకముందే, కూడా వచ్చినవాళ్లని, మొగుడైనా అత్తైనా తల్లైనా సరే, బయటికి పంపి తలుపు వేస్తాం. పక్కన కూర్చుని ఒక్క మాట అడుగుతాం. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అని. వాళ్లు నోరు తెరిచేదాకా ఆగుతాం. ఎంతసేపైనా ఆగుతాం.

నిన్న పదకొండు మందిని అడిగాను. పది మంది లేదన్నారు. పదకొండో ఆమె చాలాసేపు తలుపు వైపు చూసింది. లేచి వెళ్లి గడియ పెట్టి వచ్చాను. అప్పుడు చెప్పింది. బయట ఆమె మొగుడు తలుపు బాదుతూనే ఉన్నాడు. నా చేతులు వణకలేదు.

రామతులసి